తొమ్మిదో మీటరు నుంచి పదమూడో మీటరు దాకా

మద్దిలేటికి ఒక చెడ్డ అలవాటు ఉంది. సిగరెట్టు కాదు, పేకాట కాదు, ఫైలును చుట్టడం. చేతికి ఏ ఫైలు వచ్చినా చాపలా చుట్టి, నాడాతో రెండు చుట్లు బిగించి, చంకలో పెట్టుకుంటాడు. ఇరవై ఆరేళ్లుగా ఎండలో, బండల మీద, డ్రిల్లింగు యంత్రాల పక్కన తిరిగే మనిషికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి గదా. అతను పనిచేసే పారిశ్రామిక స్థలాల సంస్థ జోనల్ కార్యాలయంలో మాత్రం ఈ అలవాటుకు "ప్రభుత్వ పత్రముల పట్ల అగౌరవం" అని పేరు. దీని మీద అతనికి ఇప్పటికి మూడు మెమోలు వచ్చాయి. మూడింటినీ చుట్టి బీరువాలో పెట్టుకున్నాడు.

అతని ఉద్యోగం పేరు భూగర్భ సహాయకుడు. ఎక్కడైనా కర్మాగారం కడతామని పైవాళ్లకు బుద్ధి పుడితే, ముందుగా వెళ్లి అక్కడి నేలను నాలుగు ప్రశ్నలు అడిగి రావాలి. బరువు మోస్తావా, వానకు ఉబ్బుతావా, ఎండకు పగులుతావా, కడుపులో ఏమైనా దాచుకున్నావా అని. నేల మొహమాటం లేకుండా జవాబిస్తుంది. ఆ జవాబును ఆఫీసు భాషలోకి ఎక్కించేటప్పుడే మద్దిలేటి తల ప్రాణం తోకకు వస్తుంది.

ఈసారి పంపింది నాపరాళ్ల సీమలోని ఒక మిట్టకు. అక్కడ ప్లాస్టిక్ సంచులు నేసే కర్మాగారం వస్తుందట. అరవై మగ్గాలు, మూడు షిఫ్టులు, మూడు వందల నలభై మంది ఆడవాళ్లకు పని. మిట్ట పక్కన రోడ్డు వార టీ బంకు నడిపే ఉసేనమ్మ కోడలి పేరు పనికి ఎంపికైనవాళ్ల జాబితాలో నాలుగోది. ఆ కాగితం నకలు ఉసేనమ్మ బంకులో పంచదార డబ్బా కింద పెట్టుకుంది.

డ్రిల్లింగు మొదలైన రెండో రోజు పొద్దున పదిన్నరకు సంగతి బయటపడింది. ఆరు మీటర్ల దాకా మట్టి, విరిగిన బండ. తర్వాత మూడు మీటర్లు నెరలు పట్టిన సున్నపురాయి. తొమ్మిదో మీటరు దగ్గర, అంతవరకూ బోరులోంచి పాలలా పైకి వస్తున్న నీళ్లు రావడం మానేశాయి. రాడ్డు ఒక్కసారిగా కిందికి జారి, ఎక్కడో లోపల టంగుమంది. డ్రిల్లరు యంత్రం ఆపి, రెండడుగులు వెనక్కి వేసి, చెప్పులు తొడుక్కున్నాడు. మద్దిలేటి కొలిచి చూశాడు. తొమ్మిది నుంచి పదమూడు మీటర్ల దాకా ఏమీ లేదు. ఇరవై అడుగుల అవతల ఇంకో బోరు వేయించాడు. అదీ అక్కడే జారిపోయింది.

టీ తెచ్చిన ఉసేనమ్మ ఇదంతా చూసి ఏమంత ఆశ్చర్యపోలేదు.

"కింద గవి ఉండాది సారూ, అంతా డొల్ల. నేను గిన్నెలు కడిగిన నీళ్లు ఆ సందులోనే పోస్తా. ఎన్ని పోసినా తాగేస్తాది. చలికాలం పొద్దున్నే దాంట్లోంచి ఉడుకుడుకు గాలొస్తాది, మా మేకలు ఆడనే పండుకుంటాయి. ఈ చుట్టుపక్కల అందురికీ తెలుసు. మమ్మల్ని అడిగి రమ్మని మీకు సెప్పలేదా?"

"మిమ్మల్ని అడిగే గడి ఫారంలో లేదక్కా."

"అట్లనా. సరే, ఒగ మాట సెప్పు. మా కోడలికి ఈడ పని రాసినారు. పంపొచ్చా?"

మద్దిలేటి టీ గ్లాసు వంక చూశాడు. మూడు మీటర్ల నెరలబారిన రాతి కప్పు. దాని మీద అరవై మగ్గాలు, రేయింబవళ్లు దడదడలు. ఆ కప్పు ఎన్నాళ్లు ఆగుతుందో లెక్క వేయడానికి అతనికి కాగితం అక్కర్లేదు. "రిపోర్టు పోనీ అక్కా, అప్పుడు చెప్తా," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు రిపోర్టు పోతే సంగతి తేలిపోతుందనే అతను నిజంగా నమ్మాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు ఉండి కూడా ఆ నమ్మకం మిగలడం అతని తప్పే.

బోరులోంచి వచ్చిన రాతి ముక్కలను పొడవాటి చెక్కపెట్టెలో వరసగా పేర్చి పంపడం ఆనవాయితీ. రాయి రాని చోట, అంత పొడవు ఒక కర్ర పెట్టి దాని మీద "ఖాళీ" అని రాస్తారు. మద్దిలేటి నాలుగు మీటర్ల మేర కర్రలు పేర్చి పంపాడు. రిపోర్టులో "తొమ్మిది నుంచి పదమూడు వరకు శూన్యం, కట్టడానికి పనికిరాదు" అని రాశాడు.

నాలుగో రోజున ఈఈ పరాంకుశం గారు పిలిపించారు. ఆయన మేజా మీద పెట్టె ఉంది, పక్కన కర్రలు కట్టగట్టి ఉన్నాయి.

"ఏమయ్యా, మిమ్మల్ని పంపినది రాళ్లు తెమ్మనియా, వంటచెరకు తెమ్మనియా?"

"అక్కడ రాయి లేదండి. లేదని తెలియడానికి కర్ర పెట్టాను."

"శూన్యమని రాసితిరి. సదరు శూన్యము యొక్క నమూనా జతపరచలేదు. సర్క్యులరు పదిహేడు చదివితిరా?"

చదవకపోవడమేమిటి. ఒకప్పుడు ఎవరో కాంట్రాక్టర్లు రెండు మీటర్లు తవ్వి ఇరవై మీటర్లు తవ్వామని రాసేవారు. ఆ దొంగతనం ఆపడానికి పుట్టింది ఆ సర్క్యులరు. ప్రతి మీటరుకూ ఒక నమూనా ఉండాలి, నమూనా లేని మీటరు తవ్వనట్టే. మంచి ఉద్దేశంతోనే పుట్టింది. ఉద్దేశం వచ్చిన దారినే పోయింది, సర్క్యులరు ఉండిపోయింది.

"నమూనా రాకపోవడమే శూన్యం సార్."

"అది తమరి అభిప్రాయము. అభిప్రాయమునకు సీలు వేయుటకు వీలుపడదు. నమూనా ఉన్నచో శూన్యము ఉన్నట్టు. నమూనా లేనిచో మీరు తవ్వనట్టు. వారం దినములలో తగు పరిమాణములో శూన్యమును సమర్పించగలరు." పరాంకుశం గారు ఆ కర్రలను బంట్రోతు చేత లోపలికి పంపించారు. సాయంత్రం ఆఫీసు టీ ఆ కర్రల మీదే కాగింది.

మద్దిలేటికి కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు అతను నిబంధనను అక్షరాలా పాటిస్తాడు. అది అతని రెండో చెడ్డ అలవాటు. ఉసేనమ్మ దగ్గర ఒక ఆవకాయ సీసా అడిగి తీసుకున్నాడు. తోమి, ఆరబెట్టి, తాడు కట్టి బోరులోకి దించబోతే గొట్టం మూడంగుళాలే, సీసా పట్టలేదు. రబ్బరు గొట్టం లోపలికి వదిలి, సైకిలు పంపు తిరగేసి బిగించి, లోపలి గాలిని సీసాలోకి లాగి, మూత పెట్టి, లక్క వేసి, "నమూనా తొమ్మిది, మూడు ప్రతులు" అని చీటీ అతికించాడు. మిగతా రెండు ప్రతులకు ఇంకో రెండు సీసాలు కావలసివచ్చాయి.

ఇది చూస్తే ఎవరికైనా సిగ్గేస్తుందని, సంగతి అక్కడితో ఆగుతుందని అతని ఆశ. సీసాలు ప్రయోగశాలకు వెళ్లాయి. పదిహేను రోజులకు ఫలితం వచ్చింది.

ప్రయోగశాలకు ఒక ఫారం ఉంది. దానిలో గడులు ఉన్నాయి. గడులను నింపడం వారి ధర్మం. ఉబ్బుగుణం: సున్న. కుంచించుకుపోవుట: సున్న. పగుళ్లు: సున్న. లవణములు: సున్న. చెదలు: సున్న. ఇతరములు: ఆవపిండి, అత్యల్పం. చివరిది బలపరీక్ష. నమూనాను యంత్రం కింద పెట్టి, విరిగేదాకా నొక్కి, ఎంత బరువుకు విరిగిందో రాయాలి. వాళ్లు సీసా మూత తీసి, లోపలిదాన్ని జాగ్రత్తగా యంత్రం కింద వంచి, నొక్కారు. "యంత్రము తన పూర్తి సామర్థ్యము మేరకు ఒత్తినప్పటికీ నమూనా విరగలేదు," అని రాశారు. కింద అధిపతి గారి చేతిరాతలో ఇంకో వాక్యం. "ఈ ప్రయోగశాల చరిత్రలో ఇంతటి నిర్దోషమైన నేల పరీక్షకు రాలేదు. సమర్పించిన వారికి అభినందనలు."

జోనల్ మేనేజరు కోదండపాణి గారు ఆ కాగితాన్ని సమావేశంలో రెండుసార్లు చదివి వినిపించారు. ఆయన భారీ మనిషి, ఆయన మాట అంతకంటే భారీ.

"మిత్రులారా, మన మండలములన్నింటిలోనూ నేల ఏదో ఒక దోషముతో ఉన్నది. ఒకటి ఉబ్బును, ఒకటి కుంగును, ఒకటి చెదలు పట్టును. తొట్టతొలిసారిగా ఏ దోషమూ లేని పొర, అదియు నాలుగు మీటర్ల మందమున, మన జోనులో లభ్యమైనది. దీనిని కనుగొనిన శ్రీ మద్దిలేటి గారికి చప్పట్లు."

చప్పట్లు కొట్టారు. మద్దిలేటి లేచి నిలబడ్డాడు. "అది నేల కాదండి. అది నేల లేకపోవడం."

"ఆయన వినయము చూడుడు," అన్నారు కోదండపాణి గారు. మళ్లీ చప్పట్లు పడ్డాయి.

తర్వాతి నెల నడిచిన తీరు చెబితే నమ్మరు గానీ, ఇలాంటి ఆఫీసులో ఒక్క ఏడాది పనిచేసినవాళ్లు నమ్ముతారు. మిగతా స్థలాల ఇంజనీర్లకు సంజాయిషీ లేఖలు వెళ్లాయి, మీ స్థలంలో సదరు పొర ఎందుకు లేదని. ఒకాయన "మా దగ్గర అడుగంటా గట్టిరాయే తగులుతోంది, విచారిస్తున్నాము" అని జవాబు రాసి, రెండు నెలల గడువు అడిగాడు. ఇంకొకాయన ఆ పొరను తమ స్థలంలో కూడా తయారు చేయించడానికి పొక్లెయిను కావాలన్నాడు. రాష్ట్రస్థాయి పరిశ్రమల ప్రదర్శనలో ఒక సీసాను ఎర్ర మఖమలు మీద, గాజు పెట్టెలో, దీపం కింద పెట్టారు. "మా నేల, మీ నమ్మకం" అని పైన బోర్డు. సూటు వేసుకున్న పెద్దమనుషులు వంగి వంగి చూశారు. ఒకాయన చాలాసేపు చూసి, నాణ్యత కంటికి కనపడుతోందన్నాడు. సీసాకు ఒక కాపలాదారును కూడా వేశారు, ఎవరైనా మూత తీస్తారేమోనని.

మద్దిలేటి ఊరుకోలేదు. రాశాడు. మూడుసార్లు రాశాడు. మొదటి లేఖలో వివరంగా, రెండో లేఖలో బొమ్మ వేసి, మూడో లేఖలో ఒకే ఒక్క వాక్యం: "కప్పు కూలితే మూడు వందల నలభై మంది ఆడవాళ్లు లోపలికి పోతారు." మూడింటినీ ఫైలులో "ప్రశంసాపత్రములు, ఇతరములు" అనే భాగంలో కుట్టారు. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస. ఆడవాళ్లంతా టిఫిను డబ్బాలు పట్టుకుని ఆ మిట్ట ఎక్కుతున్నట్టే కళ్లకు కట్టేది. వాళ్లలో అతనికి తెలిసింది ఒక్క ఉసేనమ్మ కోడలే, ఆమెనూ ఒకటి రెండుసార్లు చూశాడంతే. అయినా భయం భయమే.

శంకుస్థాపనకు ముహూర్తం పెట్టారు. పది రోజులుంది. మిగిలింది ఒక్కటే కాగితం, స్థల భద్రతా ధ్రువపత్రం. "ప్రమాదములు" అనే మాట ఎదురుగా "లేవు" అని ముందే అచ్చయి ఉంటుంది. కింద సంతకం మాత్రం భూగర్భ సహాయకుడిదే ఉండాలి. పైవాళ్లెవరూ పెట్టడానికి వీల్లేదు, పెట్టాలనే ఉబలాటం కూడా ఎవరికీ లేదు.

మద్దిలేటి సర్క్యులర్ల పుస్తకం తిరగేసి ఒక ఆధారం పట్టుకున్నాడు. ధ్రువపత్రం మీద సంతకానికి ముందు ఉన్నతాధికారులు స్థలాన్ని ఉమ్మడిగా తనిఖీ చేయాలి, అసలు ఫైలు స్థలంలో ఉండాలి అని అందులో ఉంది. కోదండపాణి గారు అది చదివి, నిట్టూర్చి, కారు సిద్ధం చేయమన్నారు.

మిట్ట మీద షామియానా, రెండు కుర్చీలు. ఫైలును పరాంకుశం గారు ఒళ్లో పెట్టుకుని వచ్చారు. ఆ ఫైలులో స్థలం కేటాయింపు ఉత్తర్వు అసలు ప్రతి ఉంది, ఆకుపచ్చ సిరా సంతకంతో. అలాంటిది ఇంకొకటి లేదు. బోరు గొట్టం మూరెడు ఎత్తున నేలలోంచి లేచి ఉంది, మీద ఇనుప మూత.

మద్దిలేటి మూత తీసి, గులకరాయి ఒకటి లోపలికి వదిలాడు. అందరూ విన్నారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో చాలా కింద టక్కుమంది.

"విన్నారు గదండి."

"వింటిమి," అన్నారు కోదండపాణి గారు. "ఆ చప్పుడును ఫైలుకు జతపరచగలరా?"

మద్దిలేటి వంగి ఇంకో గులకరాయి వదిలాడు.

"జతపరచలేనిది మా దృష్టికి రానట్టే. ప్రయోగశాల వారు నిర్దోషమని తేల్చిరి. ప్రదర్శనలో బహుమతి వచ్చినది. తమరు ఒక్కరే ప్రమాదము, ప్రమాదము అనుచున్నారు. అది తమ కంటికి కనపడినదా?"

"చీకటి గదండి, కనపడదు."

"కనపడని దానిని గురించి ప్రభుత్వము ఏమి చేయగలదు? సంతకము చేయుడు." పరాంకుశం గారు ఫైలు తెరిచి, ధ్రువపత్రం పైకి తీసి, ఫైలును కలంతో సహా మద్దిలేటి చేతిలో పెట్టారు.

ఉసేనమ్మ టీ గ్లాసుల పళ్లెంతో వచ్చి నిలబడింది. పెద్దవాళ్లకు ఇచ్చి, చివరి గ్లాసు మద్దిలేటికి అందిస్తూ మెల్లగా అడిగింది. "రిపోర్టు పోతానే సెప్తానంటివి. నెలన్నరాయె. వచ్చేవారం పనికి ఒప్పుకుంటానని సంతకం పెట్టమంటాండారు సారూ. పంపేదా, వద్దా?"

మద్దిలేటి ఆమె వంక చూశాడు, ఫైలు వంక చూశాడు. ధ్రువపత్రాన్ని ఫైలులో తిరిగి పెట్టాడు. కలం జేబులో పెట్టుకున్నాడు. ఫైలును మూశాడు. అలవాటు ప్రకారం చుట్టడం మొదలుపెట్టాడు.

"చూచితిరా సార్, మరల చుట్టుచున్నాడు," అన్నారు పరాంకుశం గారు. "మూడు మెమోలు ఇచ్చినాను."

మద్దిలేటి ఈసారి మామూలుకంటే బిగువుగా చుట్టాడు. మోకాలి కింద పెట్టి అదిమి, నాడాతో రెండు కాదు, ఆరు చుట్లు తిప్పాడు. లావు సరిగ్గా మూడంగుళాల లోపు వచ్చింది. గొట్టం దగ్గరకు నాలుగడుగులు వేసి, నిలువుగా పట్టుకుని, లోపలికి వదిలేశాడు.

గొట్టంలో సరసర రాసుకుంటూ పోయిన చప్పుడు వినపడింది. తర్వాత ఏమీ లేదు. తర్వాత చాలా కింద, మెత్తగా, ధప్.

కోదండపాణి గారి చేతిలో టీ గ్లాసు ఒలికింది. గ్రాంథికం కూడా అక్కడితో ఒలికిపోయింది. "ఏంటయ్యా... ఏం చేశావయ్యా నువ్వు?"

"ఏం చేశానండి?" అన్నాడు మద్దిలేటి. "ఫైలు ఎక్కడికీ పోదు. కింద నిర్దోషమైన నేల ఉంది గదా, దాని మీదే ఆగి ఉంటుంది. తొమ్మిది మీటర్లు. తాడూ కొక్కెం ఉన్నాయి, తీసేద్దాం."

పరాంకుశం గారు ప్యాంటు మడతలు చూసుకోకుండా మోకాళ్ల మీద కూలబడి, తాడు తన చేత్తోనే దించారు. తొమ్మిది దగ్గర ఆగలేదు. పది. పదకొండు. పన్నెండు. మీటరుకొక ముడి చొప్పున పైకి చదువుతున్న ఆయన గొంతు ఒక్కో ముడికీ సన్నబడింది. "పదమూడు," అన్నారు. అని, అన్నందుకు విచారించారు. కొక్కెం అటూ ఇటూ ఊపితే కింద ఎక్కడా గోడ తగల్లేదు. గంటన్నర గాలించారు. తాడు పైకి వచ్చినప్పుడల్లా కొక్కేనికి తడి మట్టి తప్ప ఏమీ లేదు.

"లోపల బాగా పెద్దగా ఉందయ్యా," అన్నారు కోదండపాణి గారు, గొట్టంలోకి తొంగిచూస్తూ. నెలన్నరగా ఆ ముక్కే రాస్తున్నానని మద్దిలేటి అనలేదు. అనాల్సిన పని ఇక లేదు.

ఎందుకంటే అక్కడ పోయింది మనుషులు కాదు, ఫైలు. మనుషులు పోతారేమోనన్న లేఖకు జవాబివ్వాలనే నియమం సంస్థలో లేదు. ఫైలు కనపడకపోతే మాత్రం ఇరవై నాలుగు గంటల్లో అది ఎక్కడుందో రాతపూర్వకంగా తెలపాలి, తెలిపిన దాని కింద జోనల్ మేనేజరు సంతకం ఉండాలి. ఫైలు పోయిందని రాస్తే కోదండపాణి గారి ఉద్యోగానికే ముప్పు. పోలేదు, ఉందని రాయాలి. ఉందంటే ఎక్కడ అని అడుగుతారు. ఆ రోజు సాయంత్రం ఆయన చెమటలు కక్కుతూ, మద్దిలేటి రెండో లేఖలోని బొమ్మకు తన దగ్గరున్న నకలు ముందు పెట్టుకుని, స్వహస్తాలతో రాశారు. "సదరు ఫైలు, ప్రతిపాదిత కర్మాగార స్థలమునకు అడుగున తొమ్మిది మొదలు పదమూడు మీటర్ల వరకు గల విశాలమైన శూన్యమునందు భద్రముగా ఉన్నది."

ఆపైన అంతా నిబంధనల ప్రకారమే జరిగింది. నకలు ఫైలు తయారు చేయాలంటే అసలుది నాశనమైందని తేలాలి. అసలుది నాశనం కాలేదు, భద్రంగా ఉందని మేనేజరుగారే సంతకం చేశారు. ఫైలు ఉన్నచోట తవ్వితే పాడవుతుంది, కడితే నలుగుతుంది. కాబట్టి కర్మాగారానికి కొత్త ఫైలు తెరిచి, కొత్త స్థలం వెతికారు. రెండు మైళ్ల అవతల, అడుగంటా గట్టిరాయి తగిలే చోటు. ఒకసారి "విచారిస్తున్నాము" అని రాసిన ఇంజనీరు స్థలమది. అక్కడ బోరు వేయడానికి మద్దిలేటే వెళ్లాడు. ఇరవై మీటర్లకు ఇరవై మీటర్ల రాయి వచ్చింది. పెట్టెలో ఒక్క కర్ర కూడా పెట్టనక్కర్లేకపోయింది. తిరిగివస్తూ బంకు దగ్గర ఆగి, కోడలిని పంపొచ్చని ఉసేనమ్మకు చెప్పాడు.

మద్దిలేటికి నాలుగో మెమో వచ్చింది. ప్రమోషను రెండేళ్లు ఆపారు. "తొమ్మిది మొదలు పదమూడు మీటర్ల వరకు శూన్యము కలదని పూర్తిగా ఎరిగియుండియు, ఉద్దేశపూర్వకముగా ఫైలును అందు జారవిడిచినందులకు" అని అందులో ఉంది. అతను ఆ వాక్యాన్ని నాలుగైదుసార్లు చదివాడు. ఈ వ్యవహారం మొత్తంలో పైవాళ్లు అడిగితే అతను సంతకం పెట్టింది ఒక్కచోటే, ఆ మెమో అందినట్టు ఇచ్చిన రసీదు మీద. ఈసారి మాత్రం మెమోను చుట్టలేదు. చదునుగా అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాడు.

కొత్త కర్మాగారంలో మగ్గాలు తిరగడం మొదలైన వారానికి, ఆ దారిన పోతూ ఉసేనమ్మ బంకు దగ్గర దిగాడు. మిట్ట చుట్టూ ముళ్లకంచె ఉంది. గొట్టం మీద చిన్న రేకుల పందిరి, పక్కన కుర్చీలో కాపలాదారు. పెద్ద అక్షరాలతో బోర్డు: "ఇచ్చట ప్రభుత్వ ఫైలు కలదు. బరువైన వాహనములు, కట్టడములు, గుంపులు నిషేధం."

"కోడలు పోతాండాది సారూ, పొద్దుటి షిఫ్టు," అంది ఉసేనమ్మ టీ ఇస్తూ. "నువ్వు పంపొచ్చనేదాకా పంపలే."

మద్దిలేటి తలూపాడు. టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. ఉసేనమ్మ గిన్నెలు కడిగిన నీళ్ల బక్కెట్టు ఎత్తుకుని అలవాటుగా కంచె వైపు నడిచింది. కాపలాదారు కుర్చీలోంచి లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈడ పోయొద్దమ్మా. కింద ఫైలు తడుస్తాది."